తిరగబడే పెన్సిల్

పదకొండో భాగం

యాభై నాలుగు, ఆ తర్వాత యాభై ఒకటి. ఎటు తిప్పి చూసినా ఆ రెండు అంకెల మధ్య తేడా తనే. జూన్‌లో రొక్సాన్ ఒక్కతే చదువుకుని వెళ్లి నర్సింగ్ ప్రవేశానికి లెక్కల పరీక్ష రాస్తే యాభై నాలుగు వచ్చింది. ఆ తర్వాత వారానికి రెండు సాయంత్రాలు ఈ బల్ల దగ్గర పక్కన కూర్చుని తను నేర్పించాక, అక్టోబరులో యాభై ఒకటి. గట్టెక్కడానికి కావలసింది డెబ్భై. పోనీ ఆమెకు రాదా అంటే, వస్తుంది. ఇక్కడ, తన ఎదుట, పదిలో తొమ్మిది లెక్కలు తప్పు లేకుండా చేస్తుంది. అక్కడికి వెళ్లి కూర్చునేసరికి ఆ తొమ్మిదీ ఎక్కడికి పోతాయి? వారం రోజులుగా ఈ ప్రశ్న రాల్ఫ్ కివెలాను పళ్లు తోముకుంటున్నప్పుడూ వదల్లేదు, వాకిట్లో మంచు తోస్తున్నప్పుడూ వదల్లేదు.

కిందటి గురువారం ఈ గదిలోనే ఆమె కాలేజీ నుంచి వచ్చిన కవరు చింపింది. తన జవాబు పత్రం నకలు కావాలని దరఖాస్తు పెట్టి తెప్పించుకుంది. మార్కులు కూడడంలో ఎవరో పొరబడి ఉంటారని రాల్ఫ్‌కి లోలోపల ఒక చిన్న ఆశ ఉండింది. ఎవరూ పొరబడలేదు. ఆ పత్రంలో తొమ్మిది చోట్ల రొక్సాన్ బెలూజ్ సరైన జవాబు రాసింది. రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన తప్పు జవాబు రాసింది. ఒకటి కాదు రెండు కాదు, తొమ్మిది చోట్ల. తెలియక తప్పు చేసినవాళ్లకు నేర్పవచ్చు. తెలిసి, రాసి, కొట్టేసిన మనిషికి ఏం నేర్పాలి?

ఎల్లుండి శనివారం మూడోసారి. మూడోసారి కూడా పోతే రెండేళ్ల దాకా నర్సింగ్ కోర్సు గడప తొక్కనివ్వరు. ఆమెకు నలభై ఒకటి.

థండర్ బే ఊరి గ్రంథాలయంలో పై అంతస్తు చివరి గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, వీధి మీదుగా సరస్సు కనిపించే పెద్ద కిటికీ. నాలుగూ పదికి ఆమె వచ్చింది. బూట్లు గుమ్మం దగ్గర చాప మీద విడిచి, మేజోళ్లతో, పని దుస్తుల మీద వేసుకున్న కోటుతోనే లోపలికొచ్చి, చేతిలోని అట్టపెట్టె బల్ల మీద పెట్టింది.

"పర్షియన్ బన్నులు తెచ్చా. గులాబీ రంగు పూత ఉన్నవే. ముందు తినండి, తర్వాత తిట్టండి."

"నేనెప్పుడు తిట్టాను?"

"తిట్టరు. అదే కదా బాధ. మా సూపర్‌వైజరు తిడుతుంది, నేనూ రెండు అంటాను, అయిపోతుంది. మీరు తిట్టకుండా కిటికీలోంచి సరస్సు వైపు చూస్తారు. నాకు ఇంటికెళ్లాక కూడా అదే గుర్తొస్తుంది."

రాల్ఫ్‌కి నవ్వు రాలేదు. ఆమె ఈ ధోరణే అతన్ని విసిగిస్తుంది. పరీక్ష నలభై గంటల్లో పెట్టుకుని మిఠాయి పెట్టె తెచ్చే ధోరణి. తన అసహనానికి కారణం మిఠాయి కాదని కూడా అతనికి తెలుసు. తెలిసినా అది తగ్గదు. పుస్తకం తెరిచి లెక్క చూపించాడు.

"పాప బరువు నలభై నాలుగు పౌండ్లు. కిలోకు పదిహేను మిల్లీగ్రాముల చొప్పున మందు. మొత్తం ఎంత ఇవ్వాలి?"

ఆమె కాగితం మీదికి వంగింది. అప్పుడే తలుపు తట్టి గ్వెన్ తల లోపల పెట్టింది. కింద బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగిని. ఇరవై ఏళ్లుగా రాల్ఫ్‌కి ఈ గది కేటాయిస్తున్న మనిషి.

"రాల్ఫ్, ఐదింటికి అల్లికల సంఘం వాళ్లకి ఈ గదే ఇచ్చాను. వాళ్లొచ్చాక కూడా నువ్వు కుర్చీ పట్టుకు వేలాడకు. కిందటిసారి ఆ ముసలమ్మ నీ ఒళ్లో దారపు ఉండ పెట్టి అల్లేసింది."

రాల్ఫ్ లేచి తలుపు దాకా వెళ్లి, వచ్చే నెల తేదీల గురించి రెండు మాటలు మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి రొక్సాన్ కాగితం మీద ఒక్క గీత కూడా లేదు.

"మొదలుపెట్టలేదా?"

"మీరు రావాలి కదా."

నేనెందుకు, అని అడగబోయి ఆగాడు. కూర్చుని తన పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు ఆమె మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడు. ఏళ్ల తరబడి ప్రతి రోజూ చూస్తూ ఎన్నడూ చూడనిది ఏదో అతనికి కంటి కొసన తగిలినట్టయింది.

"పౌండ్లని కిలోలు చెయ్యాలి. అంటే రెండు పాయింట్ రెండుతో గుణించాలి…" అని ఆమె ఆగింది. "కాదు కాదు. భాగించాలి. ఇరవై కిలోలు. ఇరవై పదిహేన్లు మూడు వందలు."

"ఖాయమేనా?"

"ఖాయమే."

జవాబు సరైనదే. కానీ రాల్ఫ్ జవాబు వైపు చూడటం లేదు. తన చేతి వైపు చూస్తున్నాడు. అతని పెన్సిల్ తలకిందులుగా ఉంది. రబ్బరు కిందికి, ముల్లు పైకి. ఎప్పుడు తిప్పాడో తెలియదు. ఆమె 'గుణించాలి' అన్నప్పుడా? తప్పు వినగానే చెరిపెయ్యడానికి సిద్ధపడే వేళ్లు. వాటికి తన అనుమతి అక్కర్లేకపోయింది.

లేదు, ఇది నా ఊహ అనుకున్నాడు. ఒంటరిగా బతికే మనిషి ప్రతిదానికీ అర్థం వెతుకుతాడు. అయినా పేజీ తిప్పాడు. ఒక మనిషి ఇంకో మనిషి మీద చెయ్యకూడని పని చెయ్యబోతున్నానని అతనికి తెలుసు.

"ఇది చెయ్యి. అయిదు మిల్లీలీటర్ల సిరప్‌లో నూట ఇరవై అయిదు మిల్లీగ్రాముల మందు ఉంది. డాక్టరు రాసింది నాలుగు వందలు. ఎన్ని మిల్లీలీటర్లు?"

ఆమె పెదవులు కదుపుతూ లెక్క వేసింది. నూట ఇరవై అయిదుకు అయిదయితే ఇరవై అయిదుకు ఒకటి. నాలుగు వందల్లో ఇరవై అయిదులు పదహారు. చక్కని దారి. తను నేర్పిన దారి కూడా కాదు, ఆమె సొంతం. "పదహారు," అంది.

రాల్ఫ్ పెన్సిల్‌ని వేళ్ల మధ్య మెల్లగా తిప్పి రబ్బరు కాగితం వైపు పెట్టాడు.

"అబ్బే," అంది రొక్సాన్ వెంటనే. "బిందువు మర్చిపోయా. ఒకటి పాయింట్ ఆరు." పదహారు మీద అడ్డంగా గీత కొట్టింది. జవాబు పత్రంలో తొమ్మిది చోట్ల ఉన్న గీతే.

రాల్ఫ్ ఆ గీత కింద వేలు పెట్టాడు.

"పదహారే సరైన జవాబు," అన్నాడు రాల్ఫ్.

"మరి?"

"మరి ఎందుకు మార్చావు?"

"మీరే కదా తప్పన్నారు."

"నేను నోరు తెరవలేదు రొక్సాన్."

"నోరు తెరవలేదు. పెన్సిల్ తిప్పారు." ఆమె ఇందులో దాచేదేమీ లేనట్టు చెప్పింది. ఒక క్షణం తర్వాత ఆమె ముఖంలో రంగు మారింది. "ఆగండి. ఇప్పుడు కావాలని తిప్పారా? నన్ను పరీక్షించడానికా?"

"తెలుసుకోవాలి కదా."

"ఉచ్చు పెట్టారా నాకు? కుందేలుకి పెట్టినట్టు?"

"నాలుగు నెలలు!" రాల్ఫ్ గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "నాలుగు నెలలుగా నువ్వు లెక్కలు చెయ్యడం లేదు. నన్ను చదువుతున్నావు. పుస్తకంలో ఏముందో నీకు అక్కర్లేదు, నా వేళ్లు చూస్తే చాలు. నేనేమో ఇంటికెళ్లి, ఇవాళ తొంభై వచ్చాయి, ఇవాళ తొంభై రెండు అని మురిసిపోతున్నాను. ఎవరికి వచ్చాయి ఆ తొంభై? నాకు! లెక్క చేసింది నేను, రాసింది నువ్వు!"

"అరవకండి."

"అరుస్తాను!"

"అరవండి అయితే. ఇప్పటికైనా అరిచారు." ఆమె కుర్చీ వెనక్కి నెట్టింది. "నాకేం తెలుసు అది మీకు తెలియదని? అది మీ పద్ధతి అనుకున్నా. సిగ్గరి మనిషి, మొహం మీద తప్పు అనలేక, నేను బాధపడతానని పెన్సిల్‌తో చెప్తున్నాడు, ఎంత మర్యాదస్తుడు అనుకున్నా. మా అమ్మాయి జోసీకి కూడా చెప్పా. ఒక్క మాట అనడే, పెన్సిల్ తిప్పుతాడంతే, అని. ఇద్దరం మీ గురించి ఎంత మంచిగా అనుకున్నామో!"

రాల్ఫ్ మర్యాద అనే మాట ఎన్నడూ తలుచుకోలేదు. జవాబు బయటికి చెప్పకపోవడం ఒక్కటే తన విద్య అనుకున్నాడు. ఈ మధ్య దాకా ఒక పొరపాటు ఉండేది. తప్పు జవాబు వచ్చినప్పుడు మాత్రమే 'ఖాయమేనా?' అని అడిగేవాడు. పిల్లలు ఆ మాట వినగానే జవాబు మార్చేసేవారు. ఈ వేసవిలో అది తనంతట తనే పట్టుకుని, తప్పుకీ ఒప్పుకీ ఒకే గొంతుతో అడగడం సాధన చేశాడు. అద్దం ముందు నిలబడి మరీ.

"నేను ప్రతిసారీ ఖాయమేనా అని అడుగుతున్నాను కదా," అన్నాడు, దాదాపు బతిమాలుతున్నట్టు. "ఒప్పయినా సరే అడుగుతున్నాను."

"అది ఆగస్టులో మొదలెట్టారు. అప్పట్నుంచి ఆ మాట వినడం మానేశా."

"ఇంకేం చూస్తావు?"

"చెప్పమంటారా?" ఆమె వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. "తప్పయితే ముక్కుతో గాలి పీలుస్తారు. దగ్గర దగ్గరగా వస్తే కుర్చీ ముందుకి జరుపుతారు. మరీ ఘోరంగా ఉంటే కళ్లద్దాలు తీసి తుడుస్తారు."

కళ్లద్దాల దగ్గరికి వెళ్లిన రాల్ఫ్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఎక్కడ పెట్టాలో తెలియక ఆ చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"చూశారా," అంది రొక్సాన్. నవ్వలేదు. "నేను కావాలని చూడనండీ. నా పనే అది. నేను పనిచేసే వృద్ధాశ్రమంలో సావ్‌చుక్ గారని ఉన్నారు. మూడేళ్లయింది ఆయన మాట్లాడి. కుడి కనుబొమ్మ కొంచెం లోపలికి పోతే తుంటి నొప్పి. కింది పెదవి తడిగా ఉంటే వెచ్చని దుప్పటి కావాలి. నాకు ఎవరూ నేర్పలేదు, ఎనిమిదేళ్లుగా ఆ ముఖాలే చూస్తున్నా, వచ్చేసింది. మనుషుల్ని చూడకుండా ఉండమంటే నా వల్ల కాదు."

"మరి అక్కడ, పరీక్ష గదిలో?"

"అక్కడ ఎవరుంటారు చూడ్డానికి? ఆ కాపలా కూర్చున్నామె మొహం గోడలా ఉంటుంది. రాస్తాను. రాశాక తలెత్తి చూస్తాను. ఏమీ కనపడదు. ఏమీ కనపడకపోతే తప్పేమో అనిపిస్తుంది. కొట్టేస్తాను. ఇంకోటి రాస్తాను. మళ్లీ చూస్తాను." వేలితో కాగితం అంచు మడిచింది. "మీ ముందు ఉంటే అన్నీ వస్తాయి రాల్ఫ్. అక్కడికెళితే పోతాయి."

మీ ముందు ఉంటే అన్నీ వస్తాయి.

ఆ మాట రాల్ఫ్ మొదటిసారి వినడం కాదు. ముప్పై మంది పిల్లల ముందు నోరు పెగలక బడి ఉద్యోగం వదిలి, ఒక్కరికైతే చెప్పగలనని ఈ బల్ల దగ్గరికి చేరిన మొదటి సంవత్సరంలోనే విన్నాడు. ఓడరేవు వైపు నుంచి వచ్చే ఒక ఎర్రజుట్టు అమ్మాయి అంది. మరుసటి ఏడు ఇంకెవరో. ఆ తర్వాత ఎంతమందో, అదే మాట, కొంచెం అటూ ఇటూగా. ప్రతి ఒక్కరి పేరు మీదా ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉంది. ప్రతి పుస్తకం చివరి పేజీలో తన గుండ్రటి చేతిరాతలో ఒకే రెండు మాటలు ఉన్నాయి. పరీక్ష భయం. జబ్బు పేరు కనిపెట్టిన వైద్యుడిలా రాసుకున్నాడు. భయం వాళ్లది, పరీక్ష ఇంకెవరిదో, తనకు ఏ సంబంధమూ లేదు. తల్లిదండ్రులతో కూడా అదే చెప్పేవాడు, జాలిగా, తల పంకిస్తూ.

ఎంతమందికి? నెగ్గినవాళ్లు కూడా ఉన్నారు కదా. వాళ్లు తన వల్ల నెగ్గారా, లేక తన వైపు చూడని మొండివాళ్లు కాబట్టి నెగ్గారా? ఈ ఆలోచన వెంట వెళితే తిరిగి రాలేనని అతనికి అర్థమైంది. అయినా కోపం మాత్రం దారి దొరికిన చోటికే వెళ్లింది.

"ఇలాగైతే నర్సువి ఎలా అవుతావు?" అన్నాడు. "రేపు నీ చేతికి సూది మందు ఇస్తారు. మోతాదు ఎంతో మంచం మీద ఉన్న మనిషి మొహం చూసి తేలుస్తావా?"

అనకూడని మాట. అన్నాక తెలిసింది.

రొక్సాన్ నింపాదిగా పుస్తకం మూసింది. కోటు బొత్తాలు పెట్టుకుంది. ఒకటి, రెండు.

"సోమవారం సావ్‌చుక్ గారి కనుబొమ్మ లోపలికి పోయింది," అంది. "నాకు కనపడింది. మందు అలమరాలో ఉంది. దాని తాళం నర్సు దగ్గర ఉంటుంది, ఆమె ఇంకో అంతస్తులో ఉంది. నేను ముట్టుకోకూడదు. పరుగెత్తుకెళ్లి చెప్పా. వస్తానంది. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నా. ఆయన నన్నే చూస్తున్నారు. నీకు తెలుసు కదా, మరి ఎందుకు ఇవ్వవు, అని అడుగుతున్నట్టు." మూడో బొత్తాం పెట్టుకుంది. "చూడ్డం నాకు వచ్చు. ఇవ్వడమే రాదు. అది నేర్పుతారనే మీ దగ్గరికి వచ్చా. శనివారం నేను వెళ్లడం లేదు లెండి. రెండేళ్లు ఆగమంటే ఆగుతా, లేదంటే అసలే వద్దు."

తలుపు మళ్లీ తెరుచుకుంది.

"పావుగంటే ఉంది," అంది గ్వెన్. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ అరుపులు కింద పత్రికల గదిలోకి వినపడుతున్నాయి. లెక్కలేనా, లేక మీ ఇద్దరికీ పెళ్లయిందా? అయితే నాకు చెప్పలేదేం?"

"లెక్కలే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

గ్వెన్ పెట్టెలోంచి ఒక పర్షియన్ బన్ను తీసుకుని, "అల్లికల వాళ్లు మెట్లెక్కుతున్నారు," అంటూ వెళ్లిపోయింది.

రాల్ఫ్ లేచాడు. ఏం చెయ్యాలో అతనికి తెలియదు. నలభై గంటల్లో ఎవరూ మనిషి చూపుని మార్చలేరు. క్షమించమని అడగవచ్చు. కానీ అది కూడా ఆమె అతని ముఖం చూసి పట్టుకోవలసినదే అవుతుంది, ఇంకో సూచన, ఇంకో పెన్సిల్. పుస్తకం చివరి పేజీలోంచి ఒక లెక్క కాగితం మీద రాశాడు. వెయ్యి మిల్లీలీటర్ల సెలైను, ఎనిమిది గంటలు, మిల్లీలీటరుకు పదిహేను చుక్కలు. నిమిషానికి ఎన్ని? ఆ కాగితం ఆమె ముందు పెట్టాడు. తన పెన్సిల్ కూడా దాని పక్కన పెట్టాడు.

"ఇది నీ దగ్గర ఉండనీ," అన్నాడు. "ఒక్క లెక్క. తర్వాత నీ ఇష్టం. వెళ్తే వెళ్లు."

"మీరు?"

"నేను చూడను."

తన కుర్చీని చేతులతో ఎత్తి, చప్పుడు కాకుండా తిప్పి, కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. రెండు చేతులూ ఖాళీ. పెన్సిల్ లేని చెయ్యి దేనికీ పనికిరానిదానిలా మోకాలి మీద పడి ఉంది.

ఆమె వెళ్లిపోతుందనుకున్నాడు. కోటు మోచేయి బల్లకు రాసుకున్న చప్పుడు. ఆ తర్వాత ముల్లు కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది. అతను ముక్కుతో గాలి పీల్చబోయి నోటితో పీల్చాడు.

చప్పుడు ఆగిపోయింది. రాసేసింది. ఇప్పుడు తలెత్తి చూస్తుంది. ఏమీ కనపడదు. కనపడకపోతే తప్పేమో అనిపిస్తుంది.

"ఖాయమేనా?" అని వినిపించింది. ఆమె తనను తాను అడుగుతోంది. గొంతు అచ్చు అతనిదే, ఆ అనుకరణ ఎగతాళికో, అలవాటుకో.

అప్పుడు రబ్బరు కాగితం మీద రుద్దుకుంటున్న చప్పుడు మొదలైంది.

పెన్సిల్ తిప్పింది. తనంతట తనే తిప్పింది. కానీ ఏం చెరుపుతోంది? తప్పునా, ఒప్పునా? తొమ్మిది చోట్ల లాగా ఇది పదోదా? ఒక్కసారి తిరిగితే చాలు, ఒక్క క్షణం, ఒక్క చిన్న మాట. రబ్బరు రుద్దుతూనే ఉంది.

తలెత్తాడు. బయట చీకటి పడిపోయింది. వెలుగున్న గది మొత్తం కిటికీ అద్దంలో ఉంది. బల్ల, కాగితం, దాని మీద వంగిన ఆమె తల. అంకెలు తలకిందులుగా, ఇంకొంచెం ముందుకు వంగితే చదవగలిగేంత దగ్గర. వాటన్నిటికీ ముందు, అద్దం నిండా, తన ముఖం. నుదురు ముడిపడి, పెదవులు బిగించి, చెప్పవలసినదంతా చెప్పేస్తూ. రొక్సాన్ రుద్దడం ఆపింది. ఆమె తల మెల్లగా పైకి లేస్తోంది, కిటికీ వైపు.

రాల్ఫ్ చెయ్యి చాచి కిటికీ తెర తాడు పట్టుకుని, తెరను అద్దం మీదికి కిందిదాకా దించేశాడు.